ఇసుకకు రంగు ముందు, రాతికి ఇంకు ముందు

ప్రశ్న: డిసెంబరు చివర్లో ఐదు రోజులు జైసల్మేర్ వెళ్తున్నాం. ఇంట్లో ఫౌంటెన్ పెన్నుతో గీసి వాటర్‌కలర్ వేస్తుంటాను. ఎడారిలో రంగు పెట్టగానే ఆరిపోతుందని, పెన్ను ఎండిపోతుందని, ఇసుకంతా పేపర్ మీదకే వస్తుందని అందరూ భయపెడుతున్నారు. ఏం సామాను తీసుకెళ్లాలి? ఇంకో సంగతి, ఫోటోలు చూసి ఇసుక తిన్నెలు వేస్తుంటే అవి కొండల్లా వస్తున్నాయి. ఎందుకు?

జవాబు:

మిమ్మల్ని భయపెట్టినవాళ్లు అబద్ధమేం చెప్పలేదు. కానీ ఆ మూడూ చిన్న సమస్యలు, సామాను సర్దుకునేటప్పుడే సగం తీరిపోతాయి. మీరు చివర్లో అడిగినదే అసలు ప్రశ్న. అందుకే సామాను గురించి త్వరగా చెప్పేసి దాని దగ్గరికి వస్తాను.

ముందు మీరు వెళ్తున్న సమయం గురించి. డిసెంబరు చివర బొమ్మలు వేసేవాళ్లకు చాలా మంచి కాలం. జైసల్మేర్ ఉత్తరాన దాదాపు 27 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఆ రోజుల్లో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 40 డిగ్రీల ఎత్తు దాటడు. అంటే మధ్యాహ్నం కూడా మనిషి నీడ మనిషి కంటే పొడుగ్గానే ఉంటుంది. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం నీడ కాళ్ల కిందే దాక్కుంటుంది, గీయడానికి ఏమీ మిగలదు. అక్కడ ఆ బాధ లేదు. ఊరు దేశానికి బాగా పడమట ఉండటంతో తెల్లవారడం ఆలస్యం. సూర్యోదయం ఏడున్నర ప్రాంతంలో, అస్తమయం ఆరు ప్రాంతంలో. మనలా ఆరింటికే లేచి కూర్చుంటే చీకట్లో చలికి వణకడం తప్ప పనేం ఉండదు.

ఇక పెన్ను. మీ ఇంకు నీటికి కరగనిదై ఉండాలి. లేకపోతే పైన రంగు వేయగానే గీత చెదిరి బూడిదరంగు మురికి అవుతుంది. ప్లాటినం కార్బన్ బ్లాక్, డి ఎట్రామెంటిస్ డాక్యుమెంట్ లాంటి పిగ్మెంట్ ఇంకులు, అంటే నీటిలో కరగని సన్నటి రంగుపొడి కలిపినవి, ఫౌంటెన్ పెన్నులో పోయదగినవి. డిప్ పెన్నుల (ఇంకులో ముంచి రాసేవాటి) కోసం అమ్మే వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు జోలికి వెళ్లకండి. లక్క కలిపిన రకమైతే ఒకసారి ఆరిందంటే ఆ పెన్ను ఇక పెన్ను కాదు. పిగ్మెంట్ ఇంకుతోనూ పొడిగాలిలో జాగ్రత్త అవసరం. మూత తీసి పెన్ను చేతిలో పట్టుకుని రెండు నిమిషాలు కోట వైపు చూస్తూ కూర్చుంటే పాళీ కొస ఎండిపోతుంది. చూసేటప్పుడు మూత, గీసేటప్పుడు పాళీ, ఇదొక అలవాటు చేసుకోండి. ఎండినా కంగారు లేదు, తడి గుడ్డకు పాళీ తాకిస్తే చాలాసార్లు మళ్లీ నడుస్తుంది. మూత బిగువుగా, గాలి చొరకుండా ఉండే పెన్ను కావాలి. ప్లాటినం ప్రెప్పీ తక్కువ ధరది, దాని మూత లోపలి ఏర్పాటు సరిగ్గా దీనికోసమే చేసింది. పోయినా ఏడుపు రాదు.

రాజమండ్రి రత్నం పెన్నులంటే నాకూ ప్రేమే. 1932 నుంచి ఉన్న పేరు. కానీ పీపా నిండా నేరుగా ఇంకు పోసే రకం పెన్నుల్ని ఎడారికి తీసుకెళ్లొద్దనే అంటాను. తెల్లవారుజామున చలి వణికిస్తుంది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. పీపాలో ఇంకు తగ్గేకొద్దీ గాలి చేరుతుంది, ఆ గాలి వేడెక్కి వ్యాకోచించి ఇంకును పాళీ దగ్గరికి తోస్తుంది. బొమ్మ మధ్యలో టప్పున చుక్క పడుతుంది. కార్ట్రిడ్జ్ (ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం) లేదా కన్వర్టర్ (ఇంకు పీల్చి నింపుకునే చిన్న గొట్టం) ఉన్న పెన్నులో గాలి తక్కువ, అందుకే ఈ గొడవా తక్కువే. తోడుగా మైక్రాన్ లేదా యూనీ పిన్ ఫైన్‌లైనర్లు (సన్న కొస గీత పెన్నులు) రెండు ఉంచుకోండి. గరుకు పేపరు, ఇసుక రెండూ కలిసి వాటి కొసను త్వరగా అరగదీస్తాయి, కాబట్టి వాటినే నమ్ముకోకండి.

రంగుల్లో ఎక్కువ మోయొద్దు. ఎల్లో ఆకర్, రా సియెన్నా, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్, ఆకాశానికి ఒక సెరూలియన్, తలపాగాలకు, ఓఢ్నీలకు (ఆడవాళ్ల తలమీది పైటలకు) ఒక గులాబీ, ఒక లెమన్ ఎల్లో. నలుపు అక్కర్లేదు, అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే కావలసినంత ముదురు వస్తుంది. ట్యూబ్ రంగుల్ని పాన్‌లలో (చిన్న రంగు డబ్బీల్లో) పోసి ఎండబెట్టుకునేవారైతే పోసేటప్పుడే ఒక చుక్క గ్లిజరిన్ కలపండి. లేకపోతే ఆ పొడిగాలికి కొన్ని రంగులు పగిలి పెచ్చులుగా ఊడతాయి. తేనె కలిపి చేసే సెన్నెలియే, ఎం. గ్రాహం లాంటి రంగులు విశాఖలో ఉక్కపోత రోజుల్లో జిగటజిగటగా విసిగిస్తాయి గానీ, ఎడారిలో వాటి అంత సుఖం లేదు. బ్రష్ తగలగానే కరుగుతాయి. ఒక ముచ్చట చెప్పాలి. వాటర్‌కలర్‌ను కాగితానికి పట్టించేది గమ్ అరబిక్, ఒక రకం తుమ్మ బంక. ఆ బంక ఇచ్చే చెట్టు థార్‌లోనూ ఉంది, అక్కడ కుమట్ అంటారు. దాని గింజలు కైర్ కాయలు, సాంగ్రీ (జమ్మి) కాయలతో కలిసి పంచ్‌కూటా కూరలో మీ పళ్లెంలోకి కూడా వస్తాయి.

పేపరు విషయంలో మాత్రం పొదుపు చేయొద్దు. నూటికి నూరు శాతం కాటన్ పేపరు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు). మామూలు గుజ్జు పేపరు కంటే తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ఎడారిలో ఆ కాస్త అదనపు సమయమే బంగారం. చిన్న పుస్తకం చాలు, పోస్టుకార్డు సైజు నుంచి ఏ5 దాకా. పెద్ద కాగితం మీద ఆకాశం ఈ చివర వేసి ఆ చివరికి వెళ్లేలోపు ఇక్కడ ఆరిపోతుంది. దారిలో జైపూర్ ఆగితే సాంగానేర్ చేతితయారీ కాగితం చూసి మనసు పారేసుకుంటారు. కొనుక్కోండి గానీ, ముందు ఒక మూల ఇంకు గీత గీసి చూడండి. ఇంకు పాకితే అది ఉత్తరాలకే పనికొస్తుంది.

నీళ్లు తాగే బాటిల్‌వే వాడండి. ఆ ప్రాంతంలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. ఉప్పు నీటితో వేసిన వాష్ (నీళ్లెక్కువ కలిపి పలుచగా పరిచే రంగు) ఆరాక మచ్చలు మచ్చలుగా తేలుతుంది.

ఆరిపోవడం సంగతి. వాష్ వేసే ముందే పాలెట్‌లో సరిపడా, ఇంకా కొంచెం ఎక్కువే రంగు కలిపి పెట్టుకోండి. మధ్యలో రంగు అయిపోయి మళ్లీ కలిపేలోపు అంచు గట్టిపడి గీత పడిపోతుంది. ఆకాశానికి వాటర్ బ్రష్ (పిడిలోనే నీళ్లుండేది) వద్దు, నీళ్లు బాగా పట్టే 10 నంబరు గుండ్రటి బ్రష్ ఉండాలి. కాగితం మీద మీ నీడే పడేలా కూర్చోండి. గాలికి వీపు పెట్టండి, ఎందుకంటే ఆరబెట్టడంలో గాలి కూడా ఎండకు తీసిపోదు. మందుల షాపు గ్లిజరిన్ గ్లాసు నీళ్లలో ఒకటి రెండు చుక్కలు వేస్తే ఆరడం కాస్త నెమ్మదిస్తుంది. ఎక్కువైతే మాత్రం కాగితం జిగటగా ఉండిపోయి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. విడి కాగితమైతే రెండు వైపులా తడిపి ప్లాస్టిక్ అట్ట మీద పరిస్తే చాలాసేపు తడిగా ఉంటుంది, పుస్తకంలో అది కుదరదు.

ఇన్ని చెప్పాను గానీ, నా సలహా వేరే. తడి మీద తడి వేసి మబ్బుల్లా అలికే పద్ధతిని ఆ ఐదు రోజులూ పక్కన పెట్టేయండి. అది కోనసీమ వానకు, అరకు పొగమంచుకు సరిపోతుంది. ఎడారిలో నీడ అంచులు కత్తిరించినట్టే ఉంటాయి. పొడిగాలి మీ కాగితం మీద చేసే పనీ అదే. ఒక వాష్, అది రెండు నిమిషాల్లో ఆరుతుంది, దాని మీద ఇంకొకటి. మన ఊళ్లో వానాకాలంలో పొర పొరకీ పావుగంట ఊదుకుంటూ కూర్చునేవాళ్లకు ఇది వరం.

ఇప్పుడు తిన్నెలు. మీవి కొండల్లా వస్తున్నాయంటే రెండు కారణాలు ఉండి ఉంటాయి. ఒకటి వాలు, రెండోది ఇంకు.

వాలు గురించి. పొడి ఇసుక ఎంత కుప్ప పోసినా సుమారు 34 డిగ్రీల వాలు దాటి నిలబడదు, జారిపోతుంది. నేల మీద బియ్యం కుప్ప పోసి చూడండి, అదీ అంతే. తిన్నెకు గాలి చాటు వైపు మాత్రమే ఆ నిటారు వాలు ఉంటుంది. గాలి ఎదుటి వైపు ఇంకా చదునుగా, 10, 15 డిగ్రీలకు మించకుండా సాగుతుంది. మనం భావోద్వేగంతో రెండు వైపులా 50 డిగ్రీలు గీసేస్తాం, అది కొండైపోతుంది. పెన్ను చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి తిన్నె వాలుతో కలిపి చూసుకోండి. ఎంత చదునుగా ఉందో చూసి ఆశ్చర్యపోతారు. థార్‌లో ఇసుకను ఎక్కువగా కదిలించేది వేసవిలో నైరుతి నుంచి వీచే గాలి, కాబట్టి నిటారు వైపు సాధారణంగా ఈశాన్యం చూస్తుంది. డిసెంబరు సాయంత్రం సూర్యుడు నైరుతిలో ఉంటాడు. అంటే సరిగ్గా ఆ నిటారు ముఖాలన్నీ నీడలో పడతాయి. తిన్నెలు సాయంత్రాలే అంత బాగుండటానికి ఇదొక కారణం. సూర్యుడు మీకు ఒక పక్కన ఉండేలా కూర్చుంటే ఒక ముఖం వెలుగు, ఒక ముఖం నీడ, మధ్యలో వంపు తిరిగిన అంచు దొరుకుతుంది. బొమ్మ మొత్తం ఆ అంచే.

ఇక ఇంకు. ఇసుకకు గీతలు లేవు. తిన్నె చుట్టూ నల్లటి గీత లాగితే అది వస్తువైపోతుంది, ఇసుక కాకుండా పోతుంది. అందుకే నేను తిన్నెలకు ముందు రంగు వేస్తాను, ఇంకు ఆఖర్న. పద్ధతి ఇది. ముందు పెన్సిల్‌తో చాలా లేతగా అంచు ఒక్కటే. తర్వాత కాగితం మొత్తానికి, వెలుగుకూ నీడకూ కలిపి, ఎల్లో ఆకర్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపిన పలుచటి వాష్. పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద నీడ ముఖాలకు మాత్రమే, అల్ట్రామెరీన్‌లో కొంచెం గులాబీ కలిపిన పలుచటి ఊదా. ఎండ తగలని ఇసుక మీద పడేది ఆకాశపు వెలుగే కాబట్టి ఆ నీడ నీలంగా ఉంటుంది. ఈ నీలాన్ని పాలెట్‌లోనే ఆకర్‌తో కలిపేశారో, ఇసుక మీద నాచు పట్టినట్టు పచ్చగా వస్తుంది. పొర మీద పొరగా వేస్తే రాదు. నీడ అంచు పైన కత్తిలా, కిందకు వచ్చేకొద్దీ కాస్త నీళ్లు ముట్టించి మెత్తగా. అంతే. ఆరాక ఇంకుతో అంచు దగ్గర అక్కడక్కడ తెగిన గీత, ముందు భాగంలో గాలి వేసిన అలలు పదో పన్నెండో, ఒక జిల్లేడు మొక్క, ఒంటె అడుగులు. అలలు దగ్గరగా ఉన్నచోట వెడల్పుగా, దూరం పోయేకొద్దీ ఇరుకుగా, ఆ తర్వాత అసలు లేకుండా. ప్రతి అలా గీసేవాడికి సహనం ఉందనుకోవాలి గానీ బొమ్మ మాత్రం పాడవుతుంది.

ఆకాశం అడుగున, నేలకు దగ్గరగా, నీలం పెట్టకండి. దుమ్ము వల్ల అక్కడ లేత గోధుమ, బూడిద కలిసిన రంగు ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ నీలం.

తిన్నెల కోసం అందరూ వెళ్లే చోటు సమ్, ఊరికి పడమరగా 40 కిలోమీటర్లు. సూర్యాస్తమయం వేళ జీపులు, ఒంటెలు, డీజే. మనుషుల స్కెచ్‌లకు అదీ బాగుంటుంది. ఇసుకే కావాలంటే నైరుతి వైపున్న ఖూరీ మేలు. అక్కడ మట్టి గోడల గుండ్రటి గుడిసెలూ దొరుకుతాయి.

రాతి దగ్గరికి వస్తే అంతా తలకిందులు. ఇక్కడ ఇంకు ముందు. జైసల్మేర్ కోట 1156 నాటిది, ఇప్పటికీ లోపల జనం కాపురాలున్నాయి, ఆరేసిన బట్టలు, డిష్ యాంటెన్నాలు, ఆవులు అన్నీ ఉంటాయి. బురుజులు 99 అంటారు. అన్నీ గీయాలని కూర్చోకండి. పట్వాల హవేలీల (పాత వ్యాపారుల భవనాల) ముందు నిలబడితే ఇదే ఇబ్బంది పదింతలు, రాతిలో చెక్కని అంగుళం లేదు. ఒక్క ఝరోఖాను (ముందుకు పొడుచుకొచ్చిన చెక్కడపు కిటికీని) ఎంచుకుని దానికి మాత్రం పూర్తిగా ఇంకు పెట్టండి, జాలీ (రాతి జల్లెడ) రంధ్రాలతో సహా. మిగతావాటికి పైకప్పు కింద పడే నీడ ముక్క చాలు. చూసేవాళ్ల కన్నే మిగతా చెక్కడాన్ని పూరించుకుంటుంది. రంగు ఒకటే, రా సియెన్నా, వెలుగు పడే చోట దాదాపు కాగితం తెలుపే. ఇరుకు సందుల్లో ఒక విచిత్రం గమనించండి. నీడలో ఉన్న గోడ మామూలుగా చల్లటి రంగులో ఉండాలి కదా, కానీ ఎదుటి గోడ మీద పడిన ఎండ తిరిగొచ్చి దాన్ని నారింజ రంగులో వెలిగిస్తుంది. అక్కడ నీడకు నీలం పెడితే రాయి చచ్చిపోతుంది, బర్న్ట్ సియెన్నా పెట్టండి. మధ్యాహ్నం రెండు గంటలు ఈ సందుల్లోనే గడపండి, మీకూ నీడ, కాగితానికీ నీడ.

బడా బాగ్ ఛత్రీల (రాజుల స్మారక మండపాల) దగ్గర గుమ్మటాల కింది వలయాలు కష్టపెడతాయి. కంటి మట్టానికి పైనున్నవి పైకి వంగుతాయన్నది గుర్తుంటే చాలు. వెనకాల గాలిమరలు కనిపిస్తాయి. చాలామంది వాటిని తీసేసి గీస్తారు. నేను ఉంచుతాను, ఇప్పటి జైసల్మేర్ ఆకాశం అదే కాబట్టి. పాలీవాల్ బ్రాహ్మణులు వదిలిపోయిన కుల్ధరా ఊళ్లో దెయ్యాల కథలు చెప్పేవాళ్లు ఎదురవుతారు. వాటిని వదిలేసి నేరుగా సాగే ఆ వీధులు చూడండి. పైకప్పుల్లేని గోడలు, మధ్యలో తలుపు ఖాళీలు. పర్‌స్పెక్టివ్ (దూరం పోయేకొద్దీ చిన్నగా కనిపించేలా గీయడం) నేర్చుకునేవాళ్లకు అంత తేలికైన ఊరు ఇంకోటి లేదు.

కళ్ల సంగతి మర్చిపోకండి, నా లెక్కలో ఆరిపోవడం కంటే ఇదే పెద్ద సమస్య. తెల్ల కాగితం మీద నేరుగా ఎండ పడుతుంటే వేసిన ప్రతి రంగూ లేతగా కనిపిస్తుంది. ఇంకా ముదురు, ఇంకా ముదురు అంటూ వేసుకుంటూ పోతారు. రాత్రి హోటల్‌లో చూస్తే బొమ్మంతా చీకటి. అందుకే కాగితం నీడలో ఉండాలి. రంగు కళ్లద్దాలు పెట్టుకుని రంగు కలపొద్దు, అంచు వెడల్పున్న టోపీ చాలు. గొడుగు వాడితే తెలుపో బూడిదో, ఎర్ర గొడుగు కింద అన్నీ ఎర్రనే.

చెట్లలో ఖేజ్రీ తప్పకుండా గీయండి. అది మన జమ్మి చెట్టే, తెలంగాణకు రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కూ అదే. చలికాలంలో పశువుల మేతకు కొమ్మలు నరికేస్తారు కాబట్టి చాలా చెట్లు మొండెం మీద ముడులతో నిలబడి ఉంటాయి. దసరాకు మనం చూసే ఆకుల జమ్మి అక్కడ దొరకదని దిగులు పడొద్దు, ఇంకు పెన్నుకు ఈ మోడులే మంచి పని ఇస్తాయి.

ఒంటె నడిచేటప్పుడు ఒక పక్క రెండు కాళ్లూ కలిసి కదులుతాయి. ముందు కుడి కాలుతో వెనక ఎడమ కాలు కదిలినట్టు వేస్తే ఎక్కడో తేడా కొడుతుంది, ఏమిటో తెలియదు. మొదట కూర్చుని నెమరేస్తున్నవాటిని పట్టుకోండి. వాటి యజమానికి సవారీ డబ్బుల్లో కొంత ఇచ్చి అరగంట కూర్చోబెట్టమంటే సంతోషంగా ఒప్పుకుంటాడు, బేరం ముందే ఆడుకోండి. ఒంటె మీద కూర్చుని మాత్రం గీయలేరు. అక్కడ రాసుకోండి. 1832లో మొరాకో వెళ్లిన ఫ్రెంచి చిత్రకారుడు దెలక్రువా జేబు పుస్తకాల్లో గబగబా గీసి, పక్కనే ఏది ఏ రంగో మాటల్లో రాసుకునేవాడు, కొన్నింటికి వాటర్‌కలర్ వేశాడు. తలపాగా దగ్గర "గులాబీ, నీడలో ఇటుక రంగు" అని రాసుకుంటే రాత్రి గదిలో రంగు వేసుకోవచ్చు. ఫోన్ ఫోటో నీడల్ని నల్లగా మింగేస్తుంది, మీ రాతే నమ్మకం.

మనుషుల్ని గీసే ముందు అడగండి, ముఖ్యంగా ముసుగులో ఉన్న ఆడవాళ్లని. వద్దంటే వద్దు. రాత్రి క్యాంపుల్లో మాంగణియార్ (అక్కడి జానపద) గాయకులు పాడుతున్నప్పుడు గీయడం సులువు, ఒకే భంగిమలోకి మళ్లీ మళ్లీ వస్తుంటారు. అయిపోయాక చూపించండి, ఆ ఆనందం చూడాలి. అది సరిహద్దు జిల్లా, కాబట్టి సైన్యానికి సంబంధించినది ఏదైనా, గేటయినా టవరయినా, స్కెచ్ కూడా వద్దు. పుస్తకం తెరిచి "కళ" అని చెప్పినా ఆ టెన్షన్ మనకెందుకు.

ఇసుక గురించి ఇంతే. మడత స్టూలు కాళ్లు ఇసుకలో దిగిపోతాయి, దుప్పటి పరుచుకోండి. పెన్ను, పాలెట్ దేనికది జిప్ సంచిలో, ఏదీ ఇసుక మీద పెట్టొద్దు. తడి వాష్ మీద ఇసుక పడితే ముట్టుకోకుండా ఆరనిచ్చి మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, తడిలో తుడిస్తే గీరుకుపోతుంది. పాన్‌ల మీద పడ్డది రాత్రికి తడి బ్రష్‌తో ఎత్తేయండి. పిగ్మెంట్ ఇంకు పెన్నును మధ్యలో ఒకసారి మామూలు నీళ్లతో కడగండి. తిరుగు ప్రయాణం విమానంలో అయితే దాన్ని పూర్తిగా నింపి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి. సగం నిండిన పెన్నే కారేది.